వక్త వదిలేసిన మాట: కాథ్లీన్ హాల్ జేమిసన్ పరిశోధనా ప్రస్థానం

1988 అక్టోబరులో, అధ్యక్ష ఎన్నికల ప్రచారం ముమ్మరంగా సాగుతున్న వేళ, అమెరికా టెలివిజన్లలో నలుపు తెలుపుల్లో ఒక ప్రకటన వచ్చింది. ఖైదు దుస్తుల్లో ఉన్న మనుషులు వరుసగా ఇనుప కడ్డీల తిరుగుడు తలుపులోంచి లోపలికి వెళ్లి, ఆగకుండా అటునుంచి అటే బయటికి వచ్చేస్తుంటారు. పేరోలుకైనా అర్హత లేని హంతకులకు డెమొక్రాటిక్ అభ్యర్థి, మసాచుసెట్స్ గవర్నరు మైకేల్ డుకాకిస్ వారాంతపు సెలవులు ఇచ్చారని ఒక గొంతు చెబుతుండగా, తెర మీద ‘268 మంది తప్పించుకున్నారు’ అనే అక్షరాలు కనిపిస్తాయి. తప్పించుకున్న ఆ 268 మందీ హంతకులేనని ఆ గొంతు చెప్పలేదు, అక్షరాలూ చెప్పలేదు. నిజానికి వారిలో అత్యధికులు హత్యానేరం మీద శిక్ష పడినవారు కారు. అయినా చూసినవారు చెవిన పడిన మాటను, కంట పడిన అంకెను తామే జోడించుకుని, ఎవరూ ఉచ్చరించని ఒక అబద్ధాన్ని నిజమని నమ్మారు. ఆ అబద్ధానికి కర్త ఎవరు? ప్రకటన తీసినవారా, చూసినవారా? అమెరికా రాజకీయ వక్తృత్వాన్ని అర్ధశతాబ్దికి పైగా అధ్యయనం చేస్తూ వచ్చిన కాథ్లీన్ హాల్ జేమిసన్ కృషి అంతటినీ ఈ ఒక్క ప్రశ్న వెంట నడుస్తూ చదవవచ్చు.

ఆమె శాస్త్రం పేరు రెటారిక్, అంటే మాటతో మనుషులను ఒప్పించే తీరును పరిశీలించే విద్య. తెలుగులో దీన్ని అలంకారశాస్త్రమని అనువదించడం వాడుకలో ఉన్నా, ఆ అనువాదం పాఠకుణ్ణి కొంత పక్కదారి పట్టిస్తుంది. దండి, ఆనందవర్ధనుడు, మమ్మటుడు చర్చించిన అలంకారశాస్త్రానికి ప్రధాన విషయం కావ్యం. గ్రీకుల రెటారిక్ పుట్టింది సభలో, న్యాయస్థానంలో. తీర్పు చెప్పవలసిన, ఓటు వేయవలసిన మనుషుల ముందు. అందులో అరిస్టాటిల్ కీలకమని చెప్పిన అంశం ఎంథిమీమ్ అనే వాదనారూపం. మన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో ఎదుటివారిని ఒప్పించే అనుమానానికి, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని నిర్ధారించే వాదనకు, ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అవయవాలూ పైకి పలకాలి. ఎంథిమీమ్‌లో వక్త కొన్ని మెట్లను కావాలనే పలకడు. శ్రోతలకు ముందే తెలిసిన, వారు ముందే నమ్మిన విషయాన్ని వారికే వదిలేస్తాడు. వారు దాన్ని మనసులో పూరించుకుని ముగింపునకు తామే చేరతారు. తాము చేరుకున్న ముగింపు గనుక దాన్ని తమదిగానే భావిస్తారు. ప్రసంగ బలమంతా ఈ పూరణలోనే ఉందని ఒప్పుకుంటే, పరిశోధకుడికి ఒక చిక్కు ఎదురవుతుంది. పూరించిన భాగం ప్రసంగపాఠంలో ఉండదు. పాఠాన్ని ఎంత శ్రద్ధగా చదివినా అది దొరకదు. జేమిసన్ పాఠవిమర్శతో మొదలై, ప్రేక్షక బృందాల సంభాషణల మీదుగా, వేలమందితో జరిపే సర్వేల దాకా వెళ్లడానికి అసలు కారణం ఈ చిక్కేనని చెప్పవచ్చు. ఆమె విధానాలు ఇన్నిసార్లు మారడాన్ని కొందరు రంగం మార్చడంగా చూశారు గానీ, ప్రశ్న మాత్రం మారలేదు.

1946లో మినియాపొలిస్‌లో జన్మించిన జేమిసన్, మిల్వాకీలో జెసూట్లు అనే కథోలిక సన్యాసులు నడిపే మార్కెట్ (Marquette) విశ్వవిద్యాలయంలో 1967లో పట్టభద్రురాలై, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు మాడిసన్ ప్రాంగణంలో ఎం.ఏ., 1972లో పీహెచ్.డి. పూర్తిచేశారు. అప్పటికి అమెరికాలో ప్రసంగవిమర్శ ఒక విశ్వవిద్యాలయ శాస్త్రంగా నిలదొక్కుకుని అరవై ఏళ్లు కూడా కాలేదు. 1914లో పదిహేడు మంది ప్రసంగ బోధకులు ఆంగ్ల ఉపాధ్యాయుల సంఘం నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. 1925లో హెర్బర్ట్ విఖెల్న్స్ ఒక వ్యాసం రాసి, సాహిత్యవిమర్శ శాశ్వతత్వాన్నీ సౌందర్యాన్నీ చూస్తుందని, ప్రసంగవిమర్శ చూడవలసింది ప్రభావాన్నని గిరి గీశారు. ఆ తరువాతి నలభై ఏళ్లలో ఆ మాట ఒక యాంత్రిక పద్ధతిగా గట్టిపడింది. వక్త ఎవరు, సభ ఏది, ఏ హేతువులు వాడాడు, ఏ ఉద్వేగాలను రేపాడు, ఫలితమేమిటి అనే గళ్లు గీసుకుని నింపడమే పరిశోధనగా చలామణి అయింది. 1965లో ఎడ్విన్ బ్లాక్ ఈ పద్ధతిని తీవ్రంగా ఖండించారు. 1968లో లాయిడ్ బిట్జర్, ప్రసంగాన్ని పుట్టించేది వక్త ఇష్టం కాదని, పరిస్థితే తనకు తగిన పలుకును కోరుతుందని సిద్ధాంతీకరించారు. ఈ ఇద్దరూ అప్పుడు విస్కాన్సిన్‌లోనే బోధిస్తున్నారు. ఒక శాస్త్రం తన పునాదులను తానే తవ్వి చూసుకుంటున్న చోట ఆమె విద్యార్థిని కావడం ఆమె ఆలోచన మీద చెరగని ముద్ర వేసింది.

ఆమె సిద్ధాంతగ్రంథానికి తీసుకున్న విషయం అధ్యక్షుల ప్రసంగాలు కాదు. పోప్ ఆరవ పాల్ 1968 జూలైలో వెలువరించిన ‘హ్యూమనే వీటే’ అనే మతలేఖ చుట్టూ చెలరేగిన వివాదం. కృత్రిమ గర్భనిరోధాన్ని నిషేధించిన ఆ లేఖ, పోప్ నియమించిన సలహా సంఘంలోని అధిక సంఖ్యాకుల అభిప్రాయానికి విరుద్ధంగా వచ్చింది. కథోలిక వేదాంతులే అనేకులు బహిరంగంగా విభేదించారు. లేఖలోని వాదన ఎందుకు నిలవలేదన్న చర్చ చాలామంది చేశారు. జేమిసన్ మరో మెట్టు కిందికి దిగి, అసలు పోపు అలాంటి లేఖను అలాంటి రూపంలోనే ఎందుకు రాయవలసి వచ్చిందని అడిగారు. మతలేఖ అనే రూపం రోమన్ సామ్రాజ్య కాలపు అధికారిక పత్రాల నుంచి సంక్రమించింది. దాని సంబోధన, దాని లాటిను, పూర్వీకుల నిర్ణయాలను ఉటంకిస్తూ పోయే దాని నడక, సంశయానికి తావివ్వని దాని స్వరం ఆ వారసత్వమే. ఒప్పించవలసిన కాలంలో ఆజ్ఞాపించడానికి పుట్టిన రూపం చేతికి వచ్చిందన్నమాట.

ఈ పరిశీలన నుంచి 1973, 1975 సంవత్సరాల్లో ఆమె రాసిన రెండు వ్యాసాలు పుట్టాయి. ఆమె రచనలన్నిటిలో నేటికీ అతి తక్కువ పేజీల్లో అతి ఎక్కువ చెప్పినవి ఇవేననిపిస్తుంది. వీటి సారాంశం ఇది: మునుపెన్నడూ లేని పరిస్థితి ఎదురైనప్పుడు వక్త శూన్యం నుంచి మాట్లాడడు, తనకు తెలిసిన పాత రూపాల్లో దగ్గరగా తోచినదాన్ని అందుకుంటాడు, అందుకున్న రూపం తనతోపాటు పాత సంబంధాలనూ పాత విధేయతలనూ మోసుకొస్తుంది. 1790 జనవరి 8న జార్జి వాషింగ్టన్ కాంగ్రెసు ముందు తన తొలి వార్షిక ప్రసంగం చేసినప్పుడు రాజ్యాంగం ఆయనకు చెప్పింది దేశస్థితి గురించి కాంగ్రెసుకు సమాచారం ఇవ్వమని మాత్రమే. ఎలా ఇవ్వాలో చెప్పలేదు. ఆయనకూ సభ్యులకూ తెలిసిన నమూనా ఒక్కటే, బ్రిటిష్ రాజు సింహాసనం మీది నుంచి పార్లమెంటునుద్దేశించి చేసే ప్రసంగం. కాబట్టి రాజును వద్దని యుద్ధం చేసి గెలిచిన దేశం రాజప్రసంగాన్నే అనుకరించింది. ఉభయ సభలూ వినయపూర్వకమైన ప్రత్యుత్తరాలు రచించుకుని, అధ్యక్షుని నివాసానికి వెళ్లి సమర్పించుకున్నాయి. అధ్యక్షుడితో సమానమైన రాజ్యాంగాధికారం ఉన్న సభ, ప్రత్యుత్తరపు రూపం వల్ల విధేయుల స్వరంలో మాట్లాడవలసి వచ్చింది. 1801లో థామస్ జెఫర్సన్ స్వయంగా వెళ్లి ప్రసంగించడం మానుకుని లిఖిత సందేశం పంపడం మొదలుపెట్టిన తరువాతే ఆ పట్టు సడలింది. 1913లో ఉడ్రో విల్సన్ మళ్లీ సభకు వెళ్లి ప్రసంగించేనాటికి రాజప్రసంగపు వాసన పోయింది.

ఈ విశ్లేషణ భారతీయ పాఠకుడికి దూరపు విషయం కాదు, ఎందుకంటే అదే రాజప్రసంగం ఇక్కడ ఇంకా సజీవంగా ఉంది. రాజ్యాంగం 87వ అధికరణం ప్రకారం పార్లమెంటులో రాష్ట్రపతి, 176వ అధికరణం ప్రకారం శాసనసభల్లో గవర్నరు చేసే ప్రసంగం, దాని మీద సాగే ధన్యవాద తీర్మానం, మంత్రివర్గం రాసిచ్చిన పాఠాన్ని ‘నా ప్రభుత్వం’ అంటూ చదివే ఆనవాయితీ, అన్నీ వెస్ట్‌మినిస్టర్ నుంచి, అంటే బ్రిటిష్ పార్లమెంటు నుంచి వచ్చినవే. గవర్నర్లకూ రాష్ట్ర ప్రభుత్వాలకూ పొసగనప్పుడు తగాదా మాటిమాటికీ ఈ ప్రసంగం దగ్గరే బయటపడడం యాదృచ్ఛికం కాదు. 2022 మార్చిలో తెలంగాణ శాసనసభ బడ్జెట్ సమావేశాలు గవర్నరు ప్రసంగం లేకుండా మొదలైనప్పుడు, గత సమావేశాలకు ఇది కొనసాగింపేనన్న సాంకేతిక కారణం చెప్పినా, చర్చంతా మర్యాద, అవమానం అనే మాటల చుట్టూ తిరిగింది. రాజు నోట మంత్రుల మాట పలికించడానికి ఏర్పడిన ప్రక్రియను జేమిసన్ చెప్పిన పద్ధతిలో చూస్తే, ఆ ఉద్వేగానికి మూలం వ్యక్తుల్లోకన్నా ప్రక్రియలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రక్రియా దృష్టిని ఆమె ఒంటరిగా పెంచుకోలేదు. స్త్రీవాద ప్రసంగాల విమర్శకు పునాది వేసినవారిలో ఒకరైన కార్లిన్ కోర్స్ క్యాంప్‌బెల్‌తో కలిసి 1978లో రూపం, ప్రక్రియ అనే అంశాల మీద ఒక వ్యాససంపుటిని వెలువరించారు. ఆ సహకారం 1990లో ‘డీడ్స్ డన్ ఇన్ వర్డ్స్’ అనే గ్రంథంగా ఫలించింది. అధ్యక్ష పదవి రాజ్యాంగంలో కొన్ని వాక్యాలుగా మాత్రమే ఉందని, దాన్ని పదవిగా నిలబెట్టినవి పదవీ స్వీకార వేళ చేసే ప్రారంభోపన్యాసం, వార్షిక ప్రసంగం, వీటో సందేశం, యుద్ధ ప్రసంగం, క్షమాభిక్ష ప్రకటన, వీడ్కోలు వంటి ప్రక్రియలేనని ఇందులోని వాదన. పదవీ స్వీకార ప్రసంగానికి వారు గుర్తించిన లక్షణాలు మచ్చుకు చూడదగ్గవి. నిన్నటిదాకా చీలి ఉన్న ఓటర్లను అది ‘ప్రజలు’గా తిరిగి కూర్చాలి, గతం నుంచి ఉమ్మడి విలువలను గుర్తుచేయాలి, కొత్త పాలనను నడిపే సూత్రాలను చెప్పాలి, పదవికున్న హద్దులు తనకు తెలుసని చూపాలి. ఈ పనులు చేయని ప్రసంగం ఎంత అందంగా ఉన్నా ప్రారంభోపన్యాసంగా విఫలమవుతుంది. ఇందులోనూ శ్రోతల వంతు ఉంది: తాము సాక్షులమని వారు అంగీకరిస్తేనే మాట కార్యమవుతుంది. 2008లో ఈ పుస్తకాన్ని మరో పేరుతో పెంచి ప్రచురించినప్పుడు, జాతీయ విషాద సమయాల్లో అధ్యక్షుడు చేసే సంతాప ప్రసంగాలను, చట్టాల మీద సంతకం చేస్తూ జోడించే వ్యాఖ్యలను కూడా చేర్చారు.

ఉద్యోగపరంగా ఈ దశ మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1970ల ఆరంభం నుంచి 1986 దాకా గడిచింది. వాషింగ్టన్‌కు ఆనుకుని ఉన్న ఆ ప్రాంగణంలో ఉంటూ ఎన్నికల ప్రచారాన్ని గ్రంథాలయం నుంచి కాక దగ్గరనుంచి చూడడం సాధ్యమైంది. 1984లో వచ్చిన ‘ప్యాకేజింగ్ ది ప్రెసిడెన్సీ’ అధ్యక్ష ఎన్నికల ప్రకటనలకు తొలి సమగ్ర చరిత్ర అనదగ్గది. అంతకుముందు ప్రసంగవిమర్శకులు ముప్పై సెకన్ల ప్రకటనను తమ స్థాయికి తగని విషయంగా చూసేవారు. 1952లో ఐజెన్‌హోవర్ ప్రచారం చిన్నచిన్న ప్రశ్నోత్తరాల ప్రకటనలు ప్రసారం చేసినప్పటి నుంచీ ఓటరు వింటున్న వక్తృత్వంలో అధికభాగం ఇదేనని, దీన్ని వదిలేస్తే విమర్శకుడు ఎవరూ వినని ప్రసంగాలను మాత్రమే చదువుతూ మిగిలిపోతాడని ఆమె గుర్తించారు. 1964 సెప్టెంబరు 7న లిండన్ జాన్సన్ పక్షాన ఒకే ఒక్కసారి ప్రసారమైన ప్రకటనలో ఒక చిన్నారి పూరేకులు లెక్కపెడుతుంటే ఆ లెక్క అణుబాంబు పేలుడు దాకా తీసే అంకెలుగా మారుతుంది. ప్రత్యర్థి బారీ గోల్డ్‌వాటర్ పేరు అందులో ఎక్కడా లేదు. ఆ పేరును పూరించినవారు ప్రేక్షకులే. అణ్వాయుధాల గురించి గోల్డ్‌వాటర్ అంతకుముందు అన్న మాటలు వారి మనసుల్లో సిద్ధంగా ఉన్నాయి కాబట్టి పూరించగలిగారు.

టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కాలంలో, 1988లో, ‘ఎలోక్వెన్స్ ఇన్ ఎన్ ఎలక్ట్రానిక్ ఏజ్’ వచ్చింది. పాత వక్తృత్వపు పతనాన్ని గురించి దుఃఖించే గ్రంథాలు చాలానే ఉన్నాయి. ఈ పుస్తకం ఆ దుఃఖంతో మొదలైనా అక్కడ ఆగదు. బహిరంగ మైదానంలో వేలమందికి వినిపించేలా గొంతెత్తి, తార్కిక సోపానాలు కట్టి, ప్రత్యర్థిని చీల్చి చెండాడే వక్తృత్వం టెలివిజన్ పెట్టెలోంచి ఇంటి ముందుగదిలోకి వచ్చినప్పుడు కేకలుగా వినిపిస్తుంది. టెలివిజన్ కోరేది సంభాషణ స్వరం, సొంత అనుభవం, చిన్న కథ, ముఖంలో కనిపించే భావం. వీటన్నిటినీ పాశ్చాత్య వక్తృత్వ సంప్రదాయం శతాబ్దాలుగా ‘ఆడంగి శైలి’ అని ఈసడించిందని, నోరు విప్పిన స్త్రీలను అదే సమాజాలు నీటిలో ముంచే కుర్చీలతో, నోటికి బిగించే ఇనుప కళ్లాలతో శిక్షించాయని గుర్తుచేస్తూ, ఇప్పుడదే శైలి విజయసూత్రమైందని ఆమె చూపారు. దాన్ని అందరికన్నా బాగా వాడుకున్నది రొనాల్డ్ రేగన్ అనే పురుషుడు. 1982 జనవరిలో పోటోమాక్ నదిలో విమానం కూలినప్పుడు మంచునీటిలోకి దూకి ఒక ప్రయాణికురాలిని కాపాడిన లెన్ని స్కట్నిక్ అనే ఉద్యోగిని, కొద్దిరోజుల తరువాత తన వార్షిక ప్రసంగంలో సభ గ్యాలరీలో చూపించి రేగన్ ప్రస్తుతించిన తీరు ఈ మార్పుకు చక్కని ఉదాహరణ. అమెరికన్ల ధైర్యం గురించి వాదన అక్కరలేకపోయింది. ఒక మనిషిని చూపితే చాలింది. స్త్రీలు మాత్రం ఈ శైలితో మాట్లాడితే బలహీనులని, పాత పురుష శైలితో మాట్లాడితే కఠినులని మాట పడవలసి వచ్చింది.

ఈ రెండువైపుల ఉచ్చును ఆమె 1995లో ‘బియాండ్ ది డబుల్ బైండ్’లో విడిగా తీసుకున్నారు. గర్భం లేదా మేధ, మౌనం లేదా అవమానం, సమానత్వం లేదా భిన్నత్వం, స్త్రీత్వం లేదా సామర్థ్యం, వార్ధక్యం లేదా అదృశ్యం అనే ఐదు ఉచ్చులను వేరుచేసి, ఒక్కొక్కదాన్నీ స్త్రీలు ఎలా దాటుతూ వచ్చారో చరిత్ర నుంచి చూపించారు. ఎటు వెళ్లినా తప్పేనని తీర్పు చెప్పే ఈ ఆలోచనకు బలం, దాన్ని ఎవరూ పైకి పూర్తిగా చెప్పకపోవడంలో ఉంది. పూర్తిగా వాక్యంగా రాసి చూపితే అందులోని వైరుధ్యం బయటపడుతుంది. ఈ పుస్తకం చేసిన పని చాలావరకు అదే, మూసి ఉన్న హేతువును పలికించడం.

మళ్లీ 1988 ప్రకటన దగ్గరికి రావాలి. మసాచుసెట్స్ జైలు నుంచి సెలవు మీద వెళ్లి తిరిగిరాక, 1987లో మేరీలాండ్‌లో ఒక జంట మీద ఘోరమైన దాడి చేసిన విలియం హోర్టన్ అనే నల్లజాతి ఖైదీ ముఖాన్ని ఒక రాజకీయ బృందం తన ప్రకటనలో చూపింది. డుకాకిస్ ప్రత్యర్థి, రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ అధికారిక ప్రచారం విడుదల చేసిన తిరుగుడు తలుపు ప్రకటనలో హోర్టన్ పేరు లేదు, ముఖమూ లేదు. ప్రచార నిర్వాహకులు ఆ రెంటికీ సంబంధం లేదని వాదించగలిగారు. అయితే జేమిసన్ ఓటర్ల చిన్నచిన్న బృందాలతో కూర్చుని మాట్లాడించినప్పుడు వారి జ్ఞాపకంలో ఆ రెండు ప్రకటనలూ, వార్తలూ కలిసిపోయి ఒకే కథగా మారాయని తేలింది. హోర్టన్ లాంటివారు వందల సంఖ్యలో బయట తిరుగుతున్నారన్నది ఆ కథ. అసలు ఆ సెలవుల పథకం డుకాకిస్‌కు ముందున్న రిపబ్లికన్ గవర్నరు హయాంలో మొదలైందన్న వాస్తవానికి ఆ కథలో చోటు లేకపోయింది. 1992లో ప్రచురించిన ‘డర్టీ పాలిటిక్స్’లో ఈ పరిశీలన ఉంది, దాంతోపాటు పత్రికారంగాన్ని కలవరపరచిన మరో అంశమూ ఉంది. ప్రకటనల్లోని అబద్ధాలను ఎండగట్టాలనే సదుద్దేశంతో వార్తాఛానళ్లు ఆ ప్రకటనలను నిండు తెర మీద మళ్లీ చూపిస్తూ పక్కన దిద్దుబాటు మాటలు చెప్పేవి. చూసినవారికి బొమ్మ గుర్తుండేది, దిద్దుబాటు గుర్తుండేది కాదు. అంటే ఖండన ప్రకటనకు ఉచిత ప్రచారమయింది.

దీనికి ఆమె, ఆమె సహోద్యోగులు సూచించిన పరిష్కారం చూడడానికి చాలా చిన్నది. ప్రకటనను నిండు తెర మీద కాకుండా తెరలో ఒక మూల పెట్టెలో కుదించి, కాస్త ఒరిగించి, అది వార్త కాదు ప్రకటనే అని తెలిసే గుర్తు వేసి, దిద్దుబాటును బొమ్మ మీదుగానే అక్షరాల్లో చూపాలి. అప్పుడు ప్రేక్షకుడు ప్రకటనలోకి జారిపోకుండా దాన్ని బయటినుంచి చూస్తాడు. ప్రయోగాల్లో పరీక్షించిన ఈ దృశ్యవ్యాకరణాన్ని 1992 ఎన్నికల నుంచి వార్తాసంస్థలు అందిపుచ్చుకున్నాయి. ప్రసంగవిమర్శలో ఇంత నేరుగా ఆచరణలోకి వెళ్లిన సందర్భాలు అరుదు.

1989లో ఆమె పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని అనెన్‌బర్గ్ కమ్యూనికేషన్ స్కూలుకు డీన్‌గా వెళ్లి 2003 వరకు కొనసాగారు. 1993లో వాల్టర్, లియొనోర్ అనెన్‌బర్గ్ దంపతుల విరాళంతో ఏర్పడిన అనెన్‌బర్గ్ పబ్లిక్ పాలసీ సెంటర్‌కు సారథ్యం వహించారు. దీనితో ఆమె పరిశోధనకు అంతకుముందు లేని వనరులు దక్కాయి, పద్ధతి కూడా స్పష్టంగా మారింది. జోసెఫ్ కాపెల్లాతో కలిసి చేసిన ప్రయోగాల్లో ఒకే రాజకీయ సంఘటన గురించిన వార్తలను రెండు రకాలుగా రాయించి వేర్వేరు బృందాలకు ఇచ్చారు. మొదటి రకం వార్త సమస్య గురించి, ప్రతిపాదనల గురించి చెబుతుంది. రెండో రకం ఎవరు గెలుస్తున్నారు, ఈ మాట వెనక ఎత్తుగడ ఏమిటి అనే చట్రంలో సాగుతుంది. రెండో రకం చదివినవారిలో రాజకీయాలంటే అపనమ్మకం పెరిగింది. 1997లో ‘స్పైరల్ ఆఫ్ సినిసిజం’గా వచ్చిన ఈ పరిశోధనలో ఫిలడెల్ఫియా మేయరు ఎన్నిక, 1990ల ఆరోగ్యబీమా సంస్కరణ చర్చ నమూనాలు. ఇక్కడ కూడా వార్తలో లేనిదాన్ని పాఠకుడే చేరుస్తున్నాడు: నాయకుడు చేసే ప్రతి పనీ ఎత్తుగడే అయితే, ఏ మాటా నిజాయతీగా అన్నది కాదన్న ముగింపును ఏ విలేకరీ రాయనక్కరలేదు.

2000 ఎన్నికల్లో మొదలైన జాతీయ అనెన్‌బర్గ్ ఎన్నికల సర్వే ఈ మార్గంలో అతిపెద్ద అడుగు. మామూలు సర్వే ఒక తేదీన తీసిన ఫొటో వంటిది. ప్రచారంలో ఏ సంఘటన అభిప్రాయాన్ని కదిలించిందో చెప్పలేదు. ఈ సర్వేలో రోజూ కొత్తగా యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొందరితో మాట్లాడుతూ నెలల తరబడి కొనసాగించారు. మొదటి ఎన్నికల్లోనే సుమారు లక్ష ఇంటర్వ్యూలు జరిగాయి. ఒక వాదప్రతివాదం జరిగిన మరునాడు, ఒక ప్రకటన హోరెత్తిన వారంలో అంకె ఎటు కదిలిందో చూడడం ఇలా సాధ్యమైంది. 2004, 2008 ఎన్నికల్లో కూడా ఇదే పద్ధతి కొనసాగింది. విఖెల్న్స్ 1925లో ప్రభావమే ప్రసంగవిమర్శ విషయమన్నప్పుడు ఆ ప్రభావాన్ని కొలిచే సాధనం ఏదీ లేదు. డెబ్బై అయిదేళ్ల తరువాత అది చేతికొచ్చింది. అయితే చేతికొచ్చిన సాధనం దృష్టిని తనవైపు లాక్కుంటుంది. 2000 తరువాతి ఆమె గ్రంథాల్లో 1975 నాటి వ్యాసాల్లో ఉన్నటువంటి ఒక్కొక్క వాక్యాన్ని విప్పి చూసే చదువు తగ్గిందని, దాని స్థానంలో పట్టికలు వచ్చాయని గమనించక తప్పదు. క్యాంప్‌బెల్‌తో కలిసి రాసినవి మాత్రమే ఇందుకు మినహాయింపు.

2003 డిసెంబరులో సీనియర్ పాత్రికేయుడు బ్రూక్స్ జాక్సన్‌తో కలిసి ప్రారంభించిన ‘ఫ్యాక్ట్‌చెక్ డాట్ ఆర్గ్’ ఆమె పేరును విశ్వవిద్యాలయాల బయట అందరికీ తెలిసేలా చేసింది. రాజకీయ నాయకుల మాటల్లోని వాస్తవాలను పక్షపాతం లేకుండా పరిశీలించే సంస్థల్లో ఇది తొలితరానిది. 2004 ఉపాధ్యక్ష అభ్యర్థుల వాదంలో అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ తనకు మద్దతుగా దీన్నే పేర్కొన్నారు, వెబ్‌సైటు పేరు చివర పొరపాటుగా ‘డాట్ కామ్’ అని పలికారు. నిజనిర్ధారణే వాదనలో ఒక ఆయుధంగా మారిపోయే స్థితి ఇంత త్వరగా వచ్చింది. 2015లో శాస్త్రవిషయాల మీద రాజకీయులు చేసే ప్రకటనలను పరిశీలించే విభాగం కూడా చేరింది.

దిద్దుబాటు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చేయదు అన్న ప్రశ్నను కూడా ఆమె కొలతకు పెట్టారు. 2017లో మరో ముగ్గురు పరిశోధకులతో కలిసి అనేక ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించి రాసిన పత్రంలో తేలిన విషయం మొదటి ప్రశ్నకు తిరిగి తీసుకొస్తుంది. తప్పుడు సమాచారానికి అనుకూలంగా మనుషులు తామే కారణాలు ఆలోచించుకుని ఉంటే, ఆ నమ్మకం ఖండన తరువాత కూడా గట్టిగా నిలుస్తుంది. ‘ఇది తప్పు’ అని ఊరికే చెప్పడం కన్నా కొత్త సమాచారంతో ఖాళీని నింపే ఖండన మెరుగ్గా పనిచేస్తుంది. స్వయంగా పూరించుకున్నదాన్ని వదులుకోవడం కష్టమన్న మాట ఎంథిమీమ్ గురించి రెండువేల మూడువందల ఏళ్లుగా ఉన్న అనుమానమే. దానికి ప్రయోగాల ఆధారం దొరికింది. 2020లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్రాల అకాడమీ ఆమెకు పబ్లిక్ వెల్ఫేర్ మెడల్ ఇచ్చినప్పుడు ప్రస్తావించినవి బహిరంగ చర్చలో వాస్తవాలను కాపాడే కృషి, విజ్ఞాన సమాచారాన్ని ప్రజలకు అందించడాన్ని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దడం. ప్రసంగవిమర్శ చదువుకున్న వ్యక్తికి శాస్త్రజ్ఞుల అకాడమీ నుంచి ఆ గౌరవం రావడం ఆ విషయానికే దక్కిన గుర్తింపు.

ఆమె రచనల్లో అత్యంత వివాదాస్పదమైనది 2018 నాటి ‘సైబర్‌వార్’. 2016 ఎన్నికల్లో రష్యా తరఫున పనిచేసిన హ్యాకర్లు, ట్రోల్‌లు ఫలితాన్ని మార్చగలిగి ఉండే అవకాశమే ఎక్కువని ఇందులో వాదించారు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో మొత్తం తేడా 80,000 ఓట్లకు లోపే కాబట్టి, ఎంత కొద్ది ప్రభావమైనా లెక్కలోకి వస్తుందన్నది వాదనలో ఒక భాగం. ఎక్కువ ఆసక్తి కలిగించే భాగం వేరు. ఆ ఏడాది అక్టోబరు 7 నుంచి, రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్ సంస్థ ప్రచురిస్తూ వచ్చిన దొంగిలించిన ఈమెయిళ్లలో, రాజకీయాల్లో బయటి వైఖరి, లోపలి వైఖరి వేరువేరుగా ఉండాలని హిల్లరీ క్లింటన్ ఒక ప్రసంగంలో అన్న మాటలు ఉన్నాయి. వాదప్రతివాదాలు నిర్వహించిన పాత్రికేయులు ఆ మాటల మీద ప్రశ్నలు వేశారు. తన కేంద్రం చేసిన సర్వే ఆధారంగా, ఆ వాదాలను చూసినవారిలో ‘క్లింటన్ బయట ఒకటి, లోపల ఒకటి చెబుతారు’ అన్న అభిప్రాయం చూడనివారికన్నా ఎక్కువగా కనిపించిందని ఆమె చూపారు. ట్రోల్‌లు చేసిన పోస్టులకన్నా, దొంగసొత్తును వార్తగా మార్చిన అమెరికన్ పత్రికారంగం పాత్రే ఈ పుస్తకంలో బలంగా నిరూపితమైందని చెప్పాలి.

దీని మీద వచ్చిన అభ్యంతరంలో పస ఉంది. ఒక ఎన్నికలో వేల కారణాలు కలగలిసి పనిచేస్తాయి. ఒకదాన్ని విడదీసి, అది లేకుంటే ఫలితం ఇలా ఉండేదని చూపడం సర్వేలకు అందని పని. వాదం చూసినవారికీ చూడనివారికీ మొదటినుంచే తేడాలుంటాయి. జేమిసన్ కూడా నిశ్చయంగా చెప్పడం లేదని, ఉన్న సాక్ష్యాల మొత్తం బరువు ఎటు మొగ్గుతోందో చూసి సంభావ్యతను మాత్రమే చెబుతున్నానని పుస్తకంలో స్పష్టంచేశారు. అది శాస్త్రవేత్త చూపే రుజువుకన్నా న్యాయస్థానంలో వాదించే పద్ధతికి దగ్గర. పాఠకుల ముందు ఆధారాలు వరుసగా పేర్చి, ఒక్కొక్కదాని బలం ఎంతో చెప్పి, చివరి మెట్టును వారి విచక్షణకు వదిలారు.

1992లో ఆమె సూచించిన మూల పెట్టె ఇక్కడ ఉపయోగపడదు. అప్పుడు ఒకే ప్రకటన ఒకే తెర మీద అందరికీ కనిపించేది, దాన్ని కుదించడానికి మధ్యలో ఒక వార్తాసంస్థ ఉండేది. ఇప్పుడు ఒక్కొక్కరి ఫోనుకు ఒక్కొక్క సందేశం వస్తుంది, మధ్యలో ఎవరూ ఉండరు. ఇలాంటి సమాచారాన్ని ‘ఫేక్ న్యూస్’ అనడానికి ఆమె ఒప్పుకోలేదు; వార్త అనే గౌరవం దానికి దక్కకూడదని, అంటువ్యాధిలా పాకే వంచన గనుక ‘వైరల్ డిసెప్షన్’ అనాలని ప్రతిపాదించారు. ఇంగ్లీషులో ఆ పేరును కుదిస్తే సుఖవ్యాధికి పాతకాలంలో వాడిన రెండక్షరాలు వస్తాయి. ముట్టుకోవడానికి, ఇతరులకు అంటించడానికి జంకాలన్న భావాన్ని వినేవారే ఆ అక్షరాల నుంచి పూరించుకోవాలని ఆమె ఉద్దేశం.